సముద్ర ప్రవాహాలు మోసే వేడి తగ్గుతోందో లేదో ఎలా తెలుస్తుంది?

మీ ప్రశ్న నాకర్థమైనంతవరకు, అట్లాంటిక్‌లో గల్ఫ్ స్ట్రీమ్ లాంటి వెచ్చటి ప్రవాహాలు ఉత్తరానికి మోసుకెళ్ళే వేడి ఏళ్ళ మీద మారుతోందంటారు కదా, అది శాటిలైట్‌లో చూసేస్తే పోలా, ఈ ఓడలూ ఖర్చూ ఎందుకని. శాటిలైట్‌కి పై నీళ్ళే కనిపిస్తాయండి. పైన వెచ్చటి నీళ్ళు ఎన్ని వెళ్తున్నాయి, అడుగున చల్లటివి ఎన్ని వెనక్కొస్తున్నాయి, రెంటికీ ఎన్ని డిగ్రీల తేడా, ఇవన్నీ తెలిస్తేనే వేడి లెక్క తేలేది. అట్లాంటిక్‌లో 26.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర అది సుమారు 1.2 పెటావాట్లు, అంటే మా వైజాగ్ పక్కనున్న 2000 మెగావాట్ల సింహాద్రి ప్లాంట్లు ఓ ఆరు లక్షలు పెట్టినంత.

నేను ఆంధ్రా యూనివర్సిటీలో ఓషనోగ్రఫీ చదివి పీహెచ్‌డీకి యూరప్ వచ్చా, రెండుసార్లు ఓడెక్కా, మొదటిసారి మూడు రోజులు వాంతులే, అది వదిలేయండి. సముద్రంలో కొలవడానికి మూరింగ్‌లని ఉంటాయి, అడుగున పెద్ద బరువు, దాన్నుంచి పైకి కిలోమీటర్ల పొడవు తీగ, తీగ పొడుగునా సెన్సార్లు, తేలడానికి పసుపు తొడుగుల్లో గాజు బుడ్లు. ఏడాదిన్నరో రెండేళ్ళో వదిలేసి మళ్ళీ వెళ్ళి ఓడ మీంచి సౌండ్ సిగ్నల్ పంపితే కింద కొక్కెం విడిపోతుంది, ఇక ముప్పావు గంటసేపు అందరం రెయిలింగ్ పట్టుకుని ఆ బుడ్లు ఎటు తేలతాయా అని చూడ్డమే, ఒకటైతే అసలు తేలనే లేదు, ఏడాదిన్నర డేటా గోవిందా.

తేలినవాటితో ఇంకో తిప్పలు. ఒక సెన్సార్ డేటాలో లోతు నీళ్ళ ఉప్పు మెల్లగా తగ్గుతూ కనిపించింది, ఉప్పూ ఉష్ణోగ్రతా కలిస్తేనే నీళ్ళ బరువు, సముద్రం ఈ చివరా ఆ చివరా బరువుల తేడాని బట్టే మధ్యలో ఎంత నీరు పారుతోందో లెక్కకడతాం, కాబట్టి నేను పెద్ద విషయం పట్టేశాననుకున్నా. మా గైడ్ ఒక్కటే అడిగారు, తీశాక ముంచి చూశారా అని. అంటే పెట్టే ముందూ తీశాకా ఆ సెన్సార్లని ఓడ మీదున్న నమ్మకమైన యంత్రానికి కట్టి కలిపి ముంచాలి. ముంచిన రీడింగులు ఉన్నాయి, నేనే చూడలేదు. చూస్తే ఏముంది, మారింది సముద్రం కాదు, కాటా.

పెద్దవాళ్ళకీ తప్పలేదు లెండి ఇది. ఫ్లోరిడాకీ బహామాస్‌కీ మధ్య సముద్రం అడుగున టెలిఫోన్ కేబుల్ ఉంది, ఉప్పునీళ్ళు భూమి అయస్కాంత క్షేత్రంలో పారితే పుట్టే వోల్టేజీని దాన్లో కొలిచి 1982 నుంచీ ప్రవాహం ఎంతో చెప్తూ వచ్చారు, అది తగ్గుతున్నట్టు కనిపించింది. అయితే ఆ అయస్కాంత క్షేత్రం కూడా మెల్లగా మారుతోందిగా, 2024లో ఆ సవరణ చేసి చూస్తే అక్కడ తగ్గుదల దాదాపు మాయమైపోయింది!

అంతకుముందు 2005లో, 1957 నుంచి 2004 దాకా ఓడల మీద ఐదుసార్లు కొలిచినవి పక్కపక్కన పెట్టి, పైన వెళ్ళి అడుగున తిరిగొచ్చే మొత్తం ప్రవాహం 30 శాతం తగ్గిందన్నారు, పేపర్లనిండా అదే గోల. కానీ 2004 ఏప్రిల్‌లో ర్యాపిడ్ అనే మూరింగ్‌ల వరస మొదలై రోజూ కొలిస్తే, మొదటి ఏడాదిలోనే సెకనుకి 40 లక్షల ఘనపు మీటర్ల నుంచి 3 కోట్ల 50 లక్షల దాకా ఊగింది. ఏడాదిలోనే అంత ఊగేదాన్ని యాభై ఏళ్ళలో ఐదుసార్లు చూస్తే ఏం తెలుస్తుంది చెప్పండి. అలాగని తగ్గట్లేదనడం లేదు నేను, ఇరవై ఏళ్ళ రికార్డు ఇంకా చిన్నదే అంటున్నా.

ర్యాపిడ్ డేటా ఫ్రీగానే దొరుకుతుంది, ఆ కేబుల్ కొలతలు కూడా అందులో కలుస్తాయి కాబట్టి కేబుల్ సవరణ చేసిన వెర్షనే తీసుకుని గ్రాఫ్ గీయండి. 2009-10 చలికాలంలో పెద్ద గుంట కనిపిస్తుంది, దాని ముందు నుంచి చివరిదాకా ఒక గీత, దాని తర్వాత నుంచి చివరిదాకా ఒక గీత గీసి రెండూ ఎటు వాలుతున్నాయో చూడండి.