దుఃఖాన్ని తొందరపెట్టకు

అమ్మలూ,

గుడ్ ఫ్రైడే ముందు మీ క్వయర్ చేయబోయే కచేరీ లిస్ట్ చూశాను. పాటలు మంచివే ఎంచావు. వరస మాత్రం మార్చు. ముప్పావు గంట దుఃఖం, ఆఖరి పావుగంట ఆశ అని విడగొట్టావు. ఈ మధ్యే మనిషిని పోగొట్టుకున్నవాళ్లు ఆ హాల్లో కూర్చుని ఉంటారు. టైమ్ అయింది, ఇక ఏడుపు ఆపండి అని చెప్పినట్టుంటుంది వాళ్లకి.

ఇంగ్లీషు స్వరకర్త టావెనర్ 'సాంగ్ ఫర్ అథీనీ'ని మధ్యలోంచి తీసి చివర పెట్టు. ప్రమాదంలో చనిపోయిన ఒక స్నేహితురాలి కోసం ఆయన 1993లో రాశాడు. 1997లో యువరాణి డయానా శవపేటికను లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ ఆబీ చర్చి నుంచి తీసుకెళ్తున్నప్పుడు పాడింది దీన్నే. అందులో బేస్‌లు, అంటే అన్నిటికన్నా కింది స్థాయి మగ గొంతులు, మొదటి నుంచి చివరిదాకా ఒకే స్వరం పట్టుకుని ఉంటారు. తంబూరా ముందు కూర్చుని సరళీ స్వరాలు నేర్చుకున్నదానివి, నీకు వేరే చెప్పక్కర్లేదు. పైన పాటంతా చీకటిగా నడిచి, చివరికొచ్చేసరికి ఒక్కసారిగా వెలుగులోకి వస్తుంది. కింది శ్రుతి మాత్రం మారదు. దుఃఖంలో ఏ స్వరం ఉందో, దాని మీదే ఆశ లేస్తుంది. నీ కచేరీ అంతా అలా నడవాలని నా కోరిక.

ఆ శ్రుతి నిలబెట్టడం తేలిక కాదు. నీకున్న నలుగురు బేస్‌లూ ఊపిరి ఎక్కడ తీసుకోవాలో పేపర్ మీద విడివిడిగా గుర్తు పెట్టించు. పక్కవాడు తీసుకునేటప్పుడు తను తీసుకోకూడదు, వాక్యం ముగిసే చోట అసలే వద్దు. తిరిగి కలిసేటప్పుడు వినపడీ వినపడనట్టు రావాలి. పాట అయ్యాక ప్రతిసారీ పిచ్ సరిచూడు. బేస్‌లు దిగితే అందరూ వాళ్లతోపాటే దిగుతారు, ఎవరికీ తెలియదు కూడా.

పాతకాలపు ఇంగ్లీషు స్వరకర్త టామ్‌కిన్స్ 1622లో అచ్చువేసిన 'వెన్ డేవిడ్ హర్డ్'ని కచేరీ మొదట్లో పెట్టు. కొడుకు చనిపోయాడని విన్న దావీదు మేడగదికి వెళ్లి, 'నా కుమారుడా, అబ్షాలోమా' అని ఏడవడమే అందులో ఉంది, ఓదార్పు మాటే లేదు. దాని వెంటనే వెలుగున్న పాట దేన్నీ తేకు. కాసేపు ఊరుకుని, 'దా పాచెమ్ దోమినే' పాత చర్చి రాగాన్ని అందరూ ఒకే గొంతుగా పాడండి. శాంతినివ్వమని అడిగే ప్రార్థన అది. ఆ రాగం మీదే ఎస్తోనియా స్వరకర్త అర్వో పేర్త్ చేసిన పాట దాని తర్వాత. 2004 మార్చిలో మాడ్రిడ్ రైళ్లలో బాంబులు పేలిన రెండు రోజులకు మొదలుపెట్టాడాయన. పాతదీ కొత్తదీ ఇలా పక్కపక్కన ఉంటే, మధ్యలో నువ్వు మైక్ పట్టుకుని వివరించే పని ఉండదు.

ఇంగ్లీషు స్వరకర్త హవెల్స్ 'రెక్వియమ్'ని (పోయినవాళ్ల కోసం పాడే ప్రార్థన) కొడుకు పోయిన బాధలో రాశాడని ప్రోగ్రామ్ నోట్‌లో వేశావు, అది కొట్టెయ్. రాసింది 1932లో, ఆ బాబు పోయింది 1935లో. దాన్ని ఆయన దాదాపు యాభై ఏళ్లు అచ్చుకివ్వలేదు, ఆ నిజం చెప్పు చాలు.

నీ ఆల్టోల్లో, అంటే ఆడవాళ్లలో కింది గొంతులవాళ్లలో, ఒకమ్మాయికి ఈ ఏడే తల్లి పోయిందన్నావు. ఓదార్పు అనుకుని ఆమెకి సోలో ఇవ్వకు. పక్కకి పిలిచి, పాడతావా, వింటావా అని అడుగు. పాడుతూ గొంతు పూడుకుపోతే ఆపేసి మళ్లీ కలవొచ్చని రిహార్సల్‌లోనే అందరికీ చెప్పు. పక్కనున్నవాళ్లు ఆమె భాగం మోస్తారు. మా సికింద్రాబాద్ క్వయర్‌లో మేము ఒకళ్లకొకళ్లం అలాగే చేసేవాళ్లం.

తెలుగు క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి (1803-1890) కీర్తన ఒకటి పెట్టాలనుంది అన్నావు, తప్పకుండా పెట్టు. పుస్తకంలో పైనే రాగం, తాళం ఉంటాయి. దాన్ని నాలుగు భాగాల హార్మొనీలోకి నొక్కకు. నువ్వు పాడు, మిగతావాళ్లు శ్రుతి పట్టి, పల్లవికి మాత్రం కలవాలి. తెలుగు రానివాళ్లకి కాగితం ఇవ్వకుండా నోటితోనే నేర్పు, ళ, ణ పలికేదాకా వదలకు. టావెనర్‌కి సరిగ్గా ముందు పెట్టావంటే బేస్‌లకి ఆ నిలకడ అప్పటికే అలవాటై ఉంటుంది.

ప్రోగ్రామ్ అచ్చుకిచ్చే ముందు కొత్త వరస నాకు పంపు. మధ్యలో చప్పట్లు కొట్టవద్దని మొదటి పేజీలోనే వెయ్యి.

మీ పెద్దమ్మ