మూడిల్ క్విజ్‌లో హెచ్‌ఫైవ్‌పీ పెడితే మార్కులు కలుస్తాయా?

ఆన్‌లైన్ తరగతులు నడిపే సాఫ్ట్‌వేర్ మూడిల్‌లో, క్విజ్ ప్రశ్నలోనే హెచ్‌ఫైవ్‌పీ అనే సాధనంతో చేసిన ఇంటరాక్టివ్ వీడియో, బొమ్మ మీద పేర్లు లాగి పెట్టే అభ్యాసం వంటివి పెట్టవచ్చా, వాటి మార్కులు క్విజ్ మొత్తంలో కలుస్తాయా అని అడిగారు. పెట్టవచ్చు. మార్కులు మాత్రం కలవవు. ఈ రెండో సంగతి తెలియక నేను ఒకసారి తరగతి మొత్తాన్నీ ఇబ్బంది పెట్టాను.

2019 నవంబరులో వచ్చిన మూడిల్ 3.8 నుంచి హెచ్‌ఫైవ్‌పీ అందులోనే కలిసి వస్తోంది. ఎడిటర్‌లో బటన్ నొక్కి ఎక్కడైనా అతికించవచ్చు. ఆ బటన్ చూసిన ఉత్సాహంలో గుండె బొమ్మ ఒకటి తయారుచేశాను. కుడి కర్ణిక, ఎడమ జఠరిక అంటూ నాలుగు గదుల పేర్లనూ లాగి వాటి చోట్లలో పెట్టాలి. దాన్ని వ్యాసరూప ప్రశ్న పాఠంలో అతికించాను. నేను చేసి చూసినప్పుడు 4కు 4 అని చూపించి, పక్కన ఒక నక్షత్రం కూడా మెరిపించింది. ఇంకేం కావాలి అనుకున్నాను.

పరీక్ష ముగిశాక తెరిచి చూస్తే అందరి జవాబు పెట్టెలూ ఖాళీ. ఆ ప్రశ్నకు ఎవరూ జవాబు ఇవ్వలేదని మూడిల్ చూపిస్తోంది. మరుసటి రోజు నుంచి నక్షత్రం ఉన్న స్క్రీన్‌షాట్లు వరసగా రావడం మొదలైంది. వాటిని చూస్తూ రెండు సాయంత్రాలు కూర్చుని ఒక్కొక్కరికీ చేత్తో మార్కులు వేశాను. ఫోటో తీసుకోనివారి మాట నమ్మడం తప్ప నాకు దారి లేదు. తరువాతి పేజీకి వెళ్లి వెనక్కి వచ్చేసరికి పెట్టిన పేర్లన్నీ చెరిగిపోయాయని మరికొందరు చెప్పారు. అదీ నిజమే, నేనే చేసి చూశాను.

కారణం ఇదీ. క్విజ్ తన సొంత ప్రశ్న రకాలకు వచ్చిన జవాబులనే భద్రపరుస్తుంది, వాటికే మార్కులు వేస్తుంది. హెచ్‌ఫైవ్‌పీ తన ఫలితాన్ని ఎక్స్‌ఏపీఐ (విద్యార్థి ఏం చేశాడో సాఫ్ట్‌వేర్లు ఒకదానికొకటి చెప్పుకునే పద్ధతి) సందేశంగా చెబుతుంది కానీ, క్విజ్ పేజీలో ఆ మాట వినేవారు లేరు.

అందుకే మార్కులు కావలసిన చోట ఇప్పుడు మూడిల్ సొంత రకాలనే వాడుతున్నాను. బొమ్మ మీదికి లాగి వదిలే ప్రశ్న, వాక్యం మధ్య ఖాళీల్లోకి పదాలు లాగే ప్రశ్న, ఒకే పేరాలో అనేక ఖాళీలు ఉండే క్లోజ్ ప్రశ్న నా అవసరాలకు చాలావరకు సరిపోయాయి. గణితమైతే స్టాక్, ప్రోగ్రామింగ్ అయితే కోడ్‌రన్నర్ అనే ప్లగిన్లు, అంటే మూడిల్‌కు అదనంగా చేర్చుకునే భాగాలు, ఉన్నాయి. వాటిని మీ అడ్మిన్ పెట్టాలి. బొమ్మ ప్రశ్నలో ఒక చిక్కు ఉంది. నేపథ్య చిత్రం 600×400 పిక్సెళ్లు దాటితే మూడిల్ దాన్ని కుదించేస్తుంది. పెద్ద చిత్రం ఎక్కించి, అందులోని అక్షరాలు చీమల బారులా మారాక గానీ నాకు ఆ సంగతి తెలియలేదు.

గుండె ప్రశ్నను ఇలా మార్చాక ఊహించని లాభం కలిగింది. క్విజ్ గణాంకాల నివేదికలో ఏ చోట ఏ పేరు పెట్టారో విడివిడిగా కనిపిస్తుంది. తప్పు చేసినవారిలో ఎక్కువమంది కుడి ఎడమలనే తారుమారు చేశారు. బొమ్మ మనకు ఎదురుగా ఉంటుంది కనుక గుండెకు కుడి మనకు ఎడమవుతుంది కదా! పాఠంలో నేను ఆ మాటే చెప్పలేదు. నక్షత్రాల స్క్రీన్‌షాట్లలో ఇది ఎన్నటికీ దొరికేది కాదు.

హెచ్‌ఫైవ్‌పీని వదిలేయమని కాదు. ముఖ్యంగా వీడియో మధ్యలో ఆగి ప్రశ్న అడిగే సౌకర్యం క్విజ్‌లో లేదు. 3.9 నుంచి హెచ్‌ఫైవ్‌పీని విడి యాక్టివిటీగా పెట్టవచ్చు, అప్పుడు దాని మార్కులు నేరుగా గ్రేడ్‌బుక్‌లో (కోర్సు మార్కులన్నీ ఉండే పట్టికలో) చేరతాయి. ముందు ఆ యాక్టివిటీ, అందులో నిర్ణీత మార్కులు వస్తేనే తెరుచుకునేలా యాక్సెస్ నియమంతో క్విజ్, ఇదే నా అమరిక. మొత్తాన్ని గ్రేడ్‌బుక్ చూసుకుంటుంది. అయితే హెచ్‌ఫైవ్‌పీలో జవాబు సరిచూసేది విద్యార్థి బ్రౌజరే. పేజీ సోర్స్ తిరగేయడం తెలిసినవారికి జవాబులు అందులోనే దొరుకుతాయి. అభ్యాసానికి పరవాలేదు కానీ చివరి పరీక్షకు వాడకండి.

తెర చదివే సాఫ్ట్‌వేర్‌తో చదువుకునే విద్యార్థికి బొమ్మ మీద చోటు వెతకడం కుదరదు. అదే విషయాన్ని జతపరచే ప్రశ్నగా కూడా సిద్ధం చేసి ఉంచుకోండి, పది నిమిషాల పని.

విడుదల చేసే ముందు విద్యార్థి ఖాతాతో ఫోన్‌లో ఒకసారి క్విజ్ రాసి, సమర్పించి, ఆ తరువాత ఫలితాల నివేదిక తెరిచి చూడండి. నేను క్విజ్ చూశాను, నివేదిక చూడలేదు.