గ్రాండ్ కేమన్‌లో ఓడ ఎందుకు ఆగలేదు?

ప్రశ్న: జనవరిలో అమ్మానాన్నలను గాల్వెస్టన్ నుంచి క్రూయిజ్‌కి తీసుకెళ్లాం. కరీబియన్ ద్వీపం గ్రాండ్ కేమన్ ముందు దాకా వెళ్లి, ఎండ కాస్తుండగానే ఓడ వెనుదిరిగింది. అక్కడి స్టింగ్‌రే చేపలను చూడాలని అమ్మ ఎంతో ఆశపడింది. ఇది న్యాయమేనా? డబ్బు తిరిగొస్తుందా?
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: మీ అమ్మగారి నిరాశ అర్థమవుతోందమ్మా. కానీ ఓడల్లో పనిచేసి రిటైరైనవాడిగా చెబుతున్నా, ఆ కెప్టెన్ స్థానంలో ఉంటే నేనూ అదే చేసేవాణ్ణి. ఆ ద్వీపపు రేవు జార్జ్‌టౌన్‌లో క్రూయిజ్ ఓడలు ఆనుకునే జెట్టీ లేదు. ఓడ బయటే ఆగితే, టెండర్లనే చిన్న పడవల్లో జనాన్ని ఒడ్డుకు చేరుస్తారు. చలికాలంలో ఉత్తరాది చల్లగాలులు దిగినప్పుడు వాయవ్యపు అలలు నేరుగా ఆ పశ్చిమ తీరాన్నే తాకుతాయి. పైన ఎండ ఉన్నా సముద్రం ఊరుకోదు. పడవ ఎగిరెగిరి పడుతుంటే, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఓడ తలుపులోంచి దానిలోకి అడుగు వేయాలి. కాలు జారితే పడవకూ ఓడకూ మధ్య నలిగిపోతుంది. ఒక్కోసారి దక్షిణ తీరంలో స్పాట్స్ దగ్గర దించుతారు, అక్కడా అలలుంటే దారి లేదు. జెట్టీ కట్టాలా అని 2025 ఏప్రిల్‌లో ఓటింగ్ పెడితే ద్వీపవాసులు వద్దన్నారు. జెట్టీ కడితే పగడపు దిబ్బలు పాడవుతాయన్న వాళ్ల బెంగ నాకు సబబే అనిపిస్తుంది.

ఓడవాళ్ల దగ్గర కొన్న ఒడ్డు మీది టూరు సొమ్ము, ఆ పోర్టు చార్జీలు మామూలుగా వెనక్కిస్తారు. టికెట్ ధర మాత్రం రాదు, స్టాపులు మార్చే హక్కు ఒప్పందంలోనే ఉంటుంది. టూరు బయట బుక్ చేసి ఉంటే వాళ్లకు ఇవాళే రాయండి. ఈసారి షెడ్యూల్‌లో ‘టెండర్’ అని ఉందేమో ముందే చూడండి. మెక్సికో ద్వీపం కోజుమెల్‌లో అయితే ఓడ జెట్టీకే ఆనుతుంది.