మాక్, విండోస్ వాళ్లకు ఇంత పోటీ ఎందుకు? మన వరంగల్‌లో మాక్ ఎందుకు తక్కువ?

గొడవకు మూలం అమ్మకం పద్ధతి. 1981లో ఐబీఎం తన పీసీని చాలావరకు బయట దొరికే విడిభాగాలతోనే తయారుచేసింది. దాంతో వేరే కంపెనీలు కూడా అచ్చం అలాంటివే తెచ్చాయి, మైక్రోసాఫ్ట్ అందరికీ సాఫ్ట్‌వేర్ అమ్మింది. 1984లో మెకింటాష్, అంటే మాక్, తెచ్చిన ఆపిల్ మాత్రం యంత్రం, సాఫ్ట్‌వేర్ రెండూ తన చేతిలోనే పెట్టుకుంది. మైక్రోసాఫ్ట్ వాళ్ల విండోస్ తన తెర రూపాన్ని కాపీ కొట్టిందని 1988లో కోర్టుకెక్కి ఓడిపోయింది. అదే ఆపిల్ కష్టాల్లో ఉన్నప్పుడు, 1997లో, మైక్రోసాఫ్టే 15 కోట్ల డాలర్లు పెట్టింది. అయినా అభిమానుల పంతం తగ్గలేదు.

మన దగ్గర లెక్క వేరు. హన్మకొండలో నేను డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కూర్చే పని) నేర్చుకున్న షాపులో పెళ్లికార్డులన్నీ పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో, ‘అను’ అనే తెలుగు ఫాంట్లతోనే కొట్టేవాళ్లం. ర్యామ్ పోతే పక్క గల్లీలో పాతది దొరికేది, సాయంత్రానికల్లా కార్డు ప్రింటింగ్‌కు పోయేది. ఆ ఫాంట్లు యూనికోడ్ (ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో ఒకే సంకేతం ఉండే పద్ధతి) కావు. అవి లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే వధువు పేరు ఉండాల్సిన చోట పిచ్చి గుర్తులు కనబడేవి. కస్టమర్ ఫైలూ, ప్రెస్ వాళ్లు అడిగే ఫైలూ విండోస్‌వే అయినప్పుడు ఒక్క షాపు మాక్‌కు మారి ఏం లాభం? బజారంతా మారాలి. యూనికోడ్ వచ్చాక ఆ ఇబ్బంది చాలావరకు తీరింది. ఇప్పుడు కొనేవాళ్లు ధర, రిపేరు ఖర్చు చూసుకుంటే చాలు.