టెర్మినీ దగ్గర చవక హోటల్: పెద్దవాళ్ళతో వెళ్తే ఏం చూసుకోవాలి?

దసరా సెలవుల్లో అమ్మానాన్నలతో రోమ్ వెళ్తున్నామని, అక్కడి ప్రధాన రైల్వే స్టేషన్ టెర్మినీ పక్కన రెండు నక్షత్రాల హోటల్ దొరుకుతోందని, అది తీసుకోవాలా లేక అదే రేటుకి ఊరి చివర వస్తున్న పెద్ద హోటల్ మేలా అని అడిగారు. నా ఓటు టెర్మినీకే. మేము కూడా అక్టోబర్‌లోనే అత్తయ్యనీ మావయ్యనీ తీసుకుని వెళ్ళి అక్కడే దిగాం. కాకపోతే ఒక్క మాట. గది ఫోటోలు చూసి బుక్ చేయకండి, బిల్డింగ్ సంగతి కనుక్కుని బుక్ చేయండి. ఆ రేటులో గదులన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. తేడా అంతా వీధి గుమ్మం నుంచి గది తలుపు దాకా ఉండే దారిలోనే.

హోటల్ అనగానే మనకి పెద్ద బోర్డు, కింద రిసెప్షన్, సోఫాలు గుర్తొస్తాయి. టెర్మినీ చుట్టుపక్కల ఉన్నవి చాలావరకు అలాంటివి కావు. 1871లో రోమ్ ఇటలీకి రాజధాని అయ్యాక ఆ చుట్టుపక్కల వరసగా పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్లు లేచాయి. ఇప్పుడు వాటిలో ఒక్కో అంతస్తులో ఒక్కో చిన్న హోటల్ నడుస్తూ ఉంటుంది. మా బిల్డింగ్‌లో ఒక ఫ్లోర్ మా హోటల్, దాని కింద లాయర్ ఆఫీసు, పైన ఇంకో హోటల్, ఆ పైన మామూలు కాపురాలు. వీధి తలుపు పక్కన ఇత్తడి పలకల మీద అందరి పేర్లూ ఉంటాయి, మీ హోటల్ పేరు వెతికి పక్కనున్న బజర్ నొక్కాలి. ఎత్తైన చెక్క తలుపు టక్కుమని వదులవుతుంది, అప్పుడు గట్టిగా తోయాలి. కాబట్టి బయల్దేరేముందే ఇంటి నంబరు, ఎన్నో అంతస్తు, బజర్ మీద ఏ పేరు ఉంటుంది, ఈ మూడూ కాగితం మీద రాసిపెట్టుకోండి. మ్యాప్ మిమ్మల్ని వీధి దాకానే తీసుకెళ్తుంది.

ఇక లిఫ్ట్. మీ అమ్మగారికి మోకాళ్ళ నొప్పులన్నారు కాబట్టి ఇది కాస్త వివరంగా చెప్తాను. హోటల్ పేజీలో "లిఫ్ట్ ఉంది" అని రాస్తే అది అబద్ధం కాదు, కానీ ఆ లిఫ్ట్ ఎక్కడ మొదలవుతుందో ఎవరూ రాయరు. మా దాంట్లో అరడజను పాలరాతి మెట్లు ఎక్కాకే లిఫ్ట్ వచ్చేది. మెట్ల మధ్య ఖాళీలో తర్వాత్తర్వాత ఇరికించిన ఇనుప గ్రిల్లు పంజరం అది. ముందు బయటి గ్రిల్లు లాగాలి, తర్వాత లోపలి రెండు చెక్క రెక్కలు తోయాలి, లోపలికెళ్ళాక రెండిటినీ మనమే వేసుకోవాలి. ఏ ఒక్కటి సరిగ్గా పడకపోయినా అది కదలదు. దిగినవాళ్ళు తలుపు వేయడం మర్చిపోతే కింద ఉన్నవాళ్ళు ఎంత నొక్కినా రాదు. మావయ్య పెద్ద సూట్‌కేసు పెడితే ఆయనకి చోటు లేదు, ఆయన ఎక్కితే సూట్‌కేసుకి చోటు లేదు. చివరికి సూట్‌కేసులన్నీ ఒక్కొక్కటిగా పంపించి, అత్తయ్యని ఆఖర్న ఒక్కర్నే ఎక్కించాం. ఆవిడ ఆ గ్రిల్లు పట్టుకుని పైకి వెళ్తూ, "ఎవరైనా మెట్ల మీద నుంచి నన్ను చూస్తూ రండిరా" అంది. మా ఆవిడ పక్కనే మెట్లెక్కుతూ వెళ్ళింది.

"స్టేషన్‌కి 200 మీటర్లు" అనే మాట కూడా కొంచెం జాగ్రత్తగా చదవాలి. టెర్మినీ ప్లాట్‌ఫారాలు చాలా పొడవు. హోటల్ ఆ ప్లాట్‌ఫారాల తోక దగ్గర ఉంటే మ్యాప్‌లో స్టేషన్ గోడ పక్కనే కనిపిస్తుంది, మీరు మాత్రం ముందు వైపు నుంచి బయటికొచ్చి గోడ వెంట వెనక్కి నడవాలి. స్టేషన్‌కి ఒక పక్క వియా మర్సాలా, ఇంకో పక్క వియా జోలిత్తి. ఫ్యూమిచీనో ఎయిర్‌పోర్ట్ నుంచి వచ్చే లియోనార్దో ఎక్స్‌ప్రెస్ సాధారణంగా జోలిత్తి వైపు చివరి ప్లాట్‌ఫారాల మీద ఆగుతుంది. మనిషికి 14 యూరోలు, 32 నిమిషాలు. అదే ఎయిర్‌పోర్ట్ నుంచి 8 యూరోలకి ఇంకో లోకల్ రైలుంది కానీ అది టెర్మినీకి రాదు, ట్రస్టేవెరె, ఓస్తియెన్సే మీదుగా తిబుర్తీనా వైపు పోతుంది. పెద్దవాళ్ళతో, సామానుతో ఆ ఆరు యూరోలు మిగుల్చుకోవాలని చూడకండి. నలుగురైతే తెల్ల ట్యాక్సీ కూడా లెక్కేసుకోండి, ఎయిర్‌పోర్ట్ నుంచి పాత నగరం గోడల లోపలికి ఫిక్స్‌డ్ రేటు ఉంటుంది.

సేఫేనా అంటే, రాత్రి భయపడేలా ఏమీ అనిపించలేదు. స్టేషన్ బయట దుప్పట్లు కప్పుకుని పడుకునేవాళ్ళు ఉంటారు, మనల్నేమీ అనరు. అసలు టెన్షన్ జేబుదొంగలతో. టికెట్ మెషీన్ దగ్గర "నేను సాయం చేస్తా" అని వచ్చేవాళ్ళకి నవ్వుతూ వద్దని చెప్పేయండి. వాటికన్ వైపు వెళ్ళే 64 నంబరు బస్సు, మెట్రోలో 'A' లైను ఈ విషయంలో పేరుమోసినవి. మావయ్య పర్సు ముందు జేబులో పెట్టుకుని, దాని మీద చెయ్యి తీయకుండా వాటికన్ మొత్తం చూశాడు.

ఊరి చివర పెద్ద హోటల్ నేనెందుకు వద్దంటానంటే, మధ్యాహ్నం నిద్ర కోసం. నవ్వకండి. పొద్దున్నే కొలోసియం, ఫోరం శిథిలాలు తిరిగితే ఒంటిగంటకల్లా పెద్దవాళ్ళ కాళ్ళు లాగేస్తాయి. టెర్మినీ దగ్గర మెట్రో 'A', 'B' లైన్లు రెండూ కలుస్తాయి. కొలోసియం 'B' లైనులో రెండో స్టాపు, వాటికన్‌కి దిగే ఒత్తవియానో 'A' లైనులో ఆరో స్టాపు. అంటే మధ్యాహ్నం గదికొచ్చి ఓ రెండు గంటలు నడుం వాల్చి, సాయంత్రం మళ్ళీ ఫ్రెష్‌గా బయల్దేరొచ్చు. దూరపు హోటల్‌లో ఉంటే పొద్దున వెళ్ళినవాళ్ళు రాత్రికే తిరిగి రావాలి. మెట్రో కూడా మామూలు రోజుల్లో రాత్రి పదకొండున్నరకే ఆగిపోతుంది. ఆ స్విమ్మింగ్ పూల్, ఆ బఫే చూసేదెప్పుడు?

చెకిన్‌లో పాస్‌పోర్టులు అడిగి తీసుకుంటారు, కంగారు పడక్కర్లేదు. దిగిన ప్రతి ఒక్కరి వివరాలు 24 గంటల్లో పోలీసులకి ఆన్‌లైన్‌లో పంపడం అక్కడి చట్టం. స్కాన్ చేసుకుని ఇచ్చేస్తారు. దీంతో పాటు సిటీ టాక్స్ అడుగుతారు, మీరు ఆన్‌లైన్‌లో కట్టిన డబ్బులో ఇది సాధారణంగా ఉండదు. రోమ్‌లో 2023 అక్టోబర్ నుంచి ఉన్న రేట్ల ప్రకారం రెండు నక్షత్రాల హోటల్‌కి మనిషికి రాత్రికి 5 యూరోలు, మూడు నక్షత్రాలకి 6. పదేళ్ళలోపు పిల్లలకి లేదు. నలుగురు నాలుగు రాత్రులుంటే 80 యూరోలు! రేటు పోల్చుకునేటప్పుడే ఇది కలుపుకోండి. కొన్నిచోట్ల నగదే అడుగుతారు, రసీదు తీసుకోండి. హోటల్ కాకుండా అద్దె ఫ్లాట్ చూస్తుంటే, 2025 నుంచి ప్రతిదానికీ సిన్ (CIN) అనే జాతీయ కోడ్ తప్పనిసరి. ప్రకటనలో ఆ కోడ్ లేకపోతే పక్కన పెట్టేయండి.

గదిలోకి వస్తే, డబుల్ బెడ్ అంటే రెండు సింగిల్ మంచాలు కలిపి ఒకే దుప్పటి పరిచినది కావచ్చు. మధ్యలో సందు వెన్నుకి తగులుతుంది. బాత్రూమ్ గురించి "ప్రైవేట్, బయట" అని రాసి ఉంటే, అది మీ ఒక్కరిదే కానీ వరండాలోకి వెళ్ళి ఇంకో తలుపు తాళం తీయాలన్నమాట. రాత్రి రెండుసార్లు లేచే వయసు వాళ్ళకి అది వద్దు. షవర్ గాజు గది మన పాత టెలిఫోన్ బూత్ అంత ఉంటుంది, లోపల వంగి సబ్బు తీసుకోవాలంటే తలుపు తెరవాల్సిందే. షవర్ పక్కన పైనుంచి ఒక తాడు వేలాడుతూ ఉంటుంది. లైటుదో ఫ్యానుదో అనుకుని లాగకండి, అది కింద పడితే సాయం పిలిచే అలారం. అత్తయ్యకి ముందే చెప్పి పెట్టాం.

మనవాళ్ళకి ఇటలీలో నిజంగా ఊరట కలిగించేది బిడే. ప్రతి ఇంట్లో కనీసం ఒక బాత్రూమ్‌లో అది ఉండాలని 1975లో ప్రభుత్వం ఉత్తర్వే ఇచ్చింది, హోటళ్ళలోనూ దాదాపు అన్నిచోట్లా కనిపిస్తుంది. కమోడ్ పక్కనే చిన్న తొట్టి, దానికి వేడినీళ్ళు, చన్నీళ్ళు. మన దగ్గర ఉండే హ్యాండ్ షవర్ కాదు గానీ, ఒక ప్లాస్టిక్ మగ్గు తీసుకెళ్తే పెద్దవాళ్ళకి ఇంకే బెంగా ఉండదు. ప్యారిస్, లండన్ చవక హోటళ్ళలో పడ్డ ఇబ్బంది ఇక్కడ లేదు.

గదిలో టీ కెటిల్ ఉండదని అనుకునే బయల్దేరండి. మీ కెటిల్, బుల్లి రైస్ కుక్కర్ తీసుకెళ్దామనుకుంటే ముందు హోటల్‌ని అడగండి. ఇటలీలో మామూలు ఇంటికి ఇచ్చే కరెంటు కనెక్షన్ 3 కిలోవాట్లే. అపార్ట్‌మెంట్‌లో నడిచే చిన్న గెస్ట్‌హౌస్‌కి పెద్దగా అంతకు మించి ఉండకపోవచ్చు. మేమున్నప్పుడు ఒక పొద్దున ఎవరో కెటిల్ పెట్టారు, పక్కగదిలో ఎవరో హెయిర్ డ్రయర్ వేశారు, ఫ్లోర్ మొత్తం చీకటి. రిసెప్షన్ పెద్దాయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చి, గోడ మీద బాక్సు తెరిచి, మీట పైకెత్తి, ఏదో గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. ఆయన తీరు చూస్తే అది రోజూ చేసే పనే అనిపించింది. మన మూడు పిన్నుల ప్లగ్గు అక్కడ పట్టదు, అడాప్టర్ ఉండాలి.

అక్టోబర్ కాబట్టి చలి సంగతి. రోమ్‌లో ఇళ్ళకి సెంట్రల్ హీటింగ్ నవంబర్ 1 నుంచి ఏప్రిల్ 15 దాకానే వేయాలని నియమం ఉంది. హోటళ్ళకి ఆ నియమం వర్తించదు, కానీ బిల్డింగ్ మొత్తానికి ఒకే బాయిలర్ ఉన్నచోట మీ హోటల్ ఒక్కదాని కోసం ఎవరూ వెలిగించరు. పగలు ఎండగానే ఉంటుంది, రాత్రి ఆ రాతి గోడలు చల్లగా అయిపోతాయి. మొదటి రాత్రే అదనపు దుప్పటి అడిగాం, బీరువా పై అరలో ఉందని చూపించారు. చప్పుడు విషయానికొస్తే, వీధి వైపు గది అయితే తెల్లవారుజామున చెత్త లారీలో గాజు సీసాలు గుమ్మరించే శబ్దానికి కుంభకర్ణుడైనా లేస్తాడు. లోపలి పెరడు వైపు గది అడగండి. వ్యూ ఉండదు, ఎదుటివాళ్ళు ఆరేసిన బట్టలు కనిపిస్తాయి, నిద్ర మాత్రం పడుతుంది.

బ్రేక్‌ఫాస్ట్ కలిపి ఉన్న రేటుకి ఎక్కువ కట్టకండి. రస్కులు, చిన్న జామ్ ప్యాకెట్లు, ప్లాస్టిక్ కవర్లో తీపి బన్ను, మెషీన్ కాఫీ. కిందికి దిగితే ప్రతి మలుపులో కాఫీ బార్ ఉంటుంది. కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఒక రేటు, కుర్చీలో కూర్చుంటే ఇంకో రేటు. చాలాచోట్ల ముందు క్యాష్ దగ్గర డబ్బు కట్టి, చీటీ తెచ్చి కౌంటర్ మీద పెట్టాలి. మావయ్య రెండో రోజుకే ఇది నేర్చుకుని మమ్మల్ని లేపకుండా తనే వెళ్ళి కాపుచినో తాగి వచ్చేవాడు. మంచినీళ్ళ సీసాలు కొనక్కర్లేదు. నజోనీ అనే వీధి కుళాయిలు ఊరంతా సుమారు 2,500 ఉన్నాయి, చల్లటి మంచినీళ్ళు. వంగలేని వాళ్ళు కుళాయి మూతి వేలితో మూస్తే పైనున్న చిన్న రంధ్రంలోంచి నీళ్ళు పైకి చిమ్ముతాయి, నిలబడే తాగొచ్చు.

అమ్మానాన్నలు శాకాహారులైతే, సుప్లీ అనే బియ్యపు ఉండల్లో మామూలుగా మాంసం సాసు ఉంటుంది, అడక్కుండా కొనకండి. టెర్మినీకి దగ్గర్లో పియాత్సా వితోరియో పక్కన ఎస్క్విలినో మార్కెట్ ఉంది. బాస్మతి, పప్పులు, పచ్చిమిర్చి అక్కడ దొరుకుతాయి, చుట్టుపక్కల బంగ్లాదేశీ కొట్లు చాలా. ఇంటి నుంచి ఆవకాయ, కందిపొడి నిక్షేపంగా తీసుకెళ్ళండి. నెయ్యి, పాలకోవా మాత్రం వద్దు, యూరప్ బయటి నుంచి పాల పదార్థాలు, మాంసం సామానులో తేకూడదు. పచ్చి కరివేపాకు కూడా పెట్టకండి.

వీసా కోసం ఎలాగూ హోటల్ బుకింగ్ చూపించాలి కాబట్టి, ఉచితంగా రద్దు చేసుకునే రేటులోనే తీసుకోండి. అక్టోబర్ రోమ్‌కి సీజనే, చివర్లో తగ్గుతుందని ఎదురుచూడొద్దు. బుక్ చేశాక హోటల్‌కి ఒక మెయిల్ పెట్టండి: లిఫ్ట్‌కి ముందు మెట్లున్నాయా, మెట్లెక్కలేని పెద్దవాళ్ళు ఉన్నారు, పెరడు వైపు గది ఇవ్వగలరా, బాత్రూమ్ గదిలోపలే ఉందా అని. మాకు ఒక హోటల్ నుంచి "అంతా బాగుంటుంది, రండి" అని జవాబు వచ్చింది. ఇంకో హోటల్ వాళ్ళు మెట్ల ఫోటో తీసి పంపించారు. మేము ఆ రెండో దాంట్లోనే దిగాం.