ఐదు అమావాస్యల మొక్కు, ఆగిపోయిన మాత్ర

ప్రశ్న: మాది నల్లగొండ దగ్గరి పల్లె. నేను పెళ్లయి పట్టణంలో ఉంటున్నాను. తమ్ముడికి 23 ఏళ్లు. నిరుడు డిగ్రీ అయ్యాక ఎవరో తనను తిడుతున్నట్టు వినిపిస్తోందనేవాడు. రాత్రిళ్లు నిద్ర లేదు, అన్నంలో ఏదో కలిపారని తినేవాడు కాదు. ప్రభుత్వ ఆస్పత్రిలో మానసిక వైద్యుడికి చూపించాను. కనీసం ఏడాది మందులు వాడాలన్నారు. నాలుగు నెలల్లో కుదుటపడి నాన్నతో కలిసి బత్తాయి తోటకు వెళ్లసాగాడు. నాన్న మాత్రం, మనసుకు జబ్బేమిటి, ఇది పూర్వజన్మ కర్మ అంటారు. చెరువుగట్టు కొండ మీది రామలింగేశ్వరస్వామి గుడిలో ఐదు అమావాస్యల రాత్రులు నిద్ర చేయిస్తానని మొక్కి, మాత్ర మింగితే స్వామిని నమ్మనట్టేనని మందులు ఆపించారు. మొదటి అమావాస్యకు తమ్ముడు చక్కగా కొండ ఎక్కి దిగాడు. రెండోసారికి మళ్లీ గొణుగుడు మొదలైంది. ఆ రాత్రి మెట్ల వైపు పరుగెత్తితే తువ్వాలుతో చేతులు కట్టేశారు. నాన్నతో గొడవపడి మాటలు మానేశాను. అమ్మ చేత మజ్జిగలో మాత్ర కలిపి ఇప్పించవచ్చా?

జవాబు: అమ్మా, ముందు మజ్జిగ సంగతి. వద్దు. అన్నంలో ఏదో కలుపుతున్నారన్నదే మీ తమ్ముడి అనుమానం. రేపు గ్లాసు అడుగున తెల్లటి పొడి కనిపిస్తే ఆ అనుమానం నిజమైపోతుంది, అదీ కన్నతల్లి చేతి మీదుగా. ఆ తర్వాత అమ్మ పెట్టే ముద్ద కూడా ముట్టడు. పైగా సగం తాగి వదిలేస్తే ఎంత మందు లోపలికి వెళ్లిందో ఎవరూ చెప్పలేరు. మీ ఆత్రం నాకు అర్థమవుతోంది, కానీ దారి ఇది కాదు.

ఇక మీ నాన్నగారు. ఆయన మొండిపట్టు వెనుక ఒక లెక్క ఉంది. మందులు ఆపారు, కొండ ఎక్కించారు, కొడుకు బాగున్నాడు. కళ్లారా చూసింది ఎవరు కాదనగలరు? ఆ లెక్కలో తప్పెక్కడుందో బత్తాయి రైతుకు చెప్పడం కష్టం కాదు. పూత కోసం తోటకు నీళ్లు ఆపుతారు కదా, ఆపిన మరునాడే ఆకు వాడుతుందా? భూమిలో తేమ ఉన్నన్నాళ్లు చెట్టు పచ్చగానే ఉంటుంది. ఈ మందులూ అంతే. ఆపిన కొన్ని వారాల దాకా, కొందరిలో నెలల దాకా, మనిషి బాగానే కనిపిస్తాడు. మొదటి అమావాస్య నాటికి మీ తమ్ముడి ఒంట్లో నాలుగు నెలల మందు బలం ఉంది. రెండోదానికి అది తగ్గింది. మొదలుపెట్టినప్పుడు కూడా గుణం కనిపించడానికి వారాలు పట్టింది కదా. ఈ ఆలస్యం వల్లే మన జిల్లాలో ఎన్నో ఇళ్లలో మందు చేసిన పని మొక్కు ఖాతాలోకి, మందు ఆపిన నష్టం దయ్యం ఖాతాలోకి వెళుతున్నాయి.

మీరు ఇక్కడే పోట్లాటకు దిగారు. నయం చేసింది డాక్టరా, స్వామా అని. ఆ పందెంలో మీరు గెలవలేరు, గెలవనవసరమూ లేదు. పేరు స్వామికే పోనివ్వండి. మీకు కావలసింది రాత్రి ఒక మాత్ర, అంతే కదా. ‘మీరు బీపీ మాత్ర వేసుకోవడం లేదా నాన్నా’ అనే వాదన నేనూ ఒకప్పుడు చాలామందికి నేర్పేవాణ్ణి. ఇప్పుడు మానేశాను. బీపీ యంత్రంలో కనిపిస్తుంది, చక్కెర రిపోర్టులో కనిపిస్తుంది, ఇది కనిపించదు. పెద్దాయన ‘అదీ ఇదీ ఒకటేనా’ అని లేచి వెళ్లిపోతారు.

దానికి బదులు ఆయన దారిలోనే వెళ్లండి. తమిళనాడులో తిరుచిరాపల్లి దగ్గర గుణశీలం అనే వెంకటేశ్వరుడి క్షేత్రం ఉంది. మనసు బాగాలేనివారిని 48 రోజులు అక్కడ ఉంచి పూజలు చేయిస్తారు. ఆ గుడి దగ్గరే పునరావాస కేంద్రమూ ఉంది, మానసిక వైద్యుడు వచ్చి చూస్తాడు. తీర్థమూ మాత్రా ఒకే చోట ఇస్తే దేవుడికి కోపం రాలేదు. చరక సంహితలో ఉన్మాదానికి చికిత్స చెబుతూ ఒక అధ్యాయమే ఉందని కూడా ఆయనకు చెప్పవచ్చు. పాత గ్రంథాలంటే గౌరవం ఉన్న మనిషి వింటారు.

ఇది మీ నోటితో కాకుండా వేరొకరి నోటితో వస్తే మేలు. కూతురు చెబితే ధిక్కారం, తోటివాడు చెబితే సలహా. నేను చూసిన ఒక ఇంట్లో అర్చకుడిని అడిగితే ‘నాకెందుకయ్యా’ అని తప్పుకున్నాడు. చివరికి ఇంటి పెద్దాయనకు దారి చూపింది ఆయనతో ముప్పై ఏళ్లుగా ధాన్యం లెక్కలు చూసిన మిల్లు గుమస్తా. ఆ గుమస్తా కొడుకూ అవే మందులు వాడుతున్నాడు, అన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. మీ నాన్నగారికీ అలాంటి స్నేహితుడు ఎవరో ఒకరు ఉంటారు. ఇంకొకటి, కర్మ అనే మాట కింద కొన్నిసార్లు భయం దాక్కుని ఉంటుంది. జబ్బు అని ఒప్పుకుంటే పిల్లవాడికి పిల్లనెవరిస్తారు అని. ఆయనది ఆ భయమేనేమో మెల్లగా కనుక్కోండి.

చేతులు కట్టేయడం మాత్రం మళ్లీ జరగకూడదు. ఈ ఒక్క విషయంలో మెత్తగా మాట్లాడనవసరం లేదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా దగ్గరి ఒక ప్రైవేటు ఆశ్రమం అంటుకుంటే 28 మంది కాలిపోయారు. గొలుసులతో కట్టేసి ఉన్నారు, పరుగెత్తలేకపోయారు. మానసిక రోగిని గొలుసులతో బంధించడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. తువ్వాలు గొలుసు కాదని నాన్నగారు అనవచ్చు. మెట్ల మీద చేతులు కట్టి ఉన్నవాడు పడితే ఏమవుతుందో ఆయననే చెప్పమనండి.

అదే చట్టంలో మీకు పనికొచ్చే ఏర్పాటు ఇంకొకటి ఉంది. మీ తమ్ముడు మేజరు. మనసు కుదురుగా ఉన్న రోజున, చికిత్స విషయాల్లో తన ప్రతినిధిగా అక్కను ఎంచుకుంటున్నానని తెల్లకాగితం మీద రాసి సంతకం చేయవచ్చు. మీరు సరేనని రాసివ్వాలి. ఇది నాన్న మీద కేసు కాదు. ఆస్పత్రిలో ఎవరి మాట అడగాలన్నది తమ్ముడే తేల్చుకోవడం. అసలు ఇంతవరకు తమ్ముడు ఏమంటున్నాడో మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. మందు వేసుకుంటే నిద్రమత్తుగా ఉండేదా, బరువు పెరిగాడా, అందుకే నాన్న ఆపమనగానే హాయిగా ఆపేశాడా? అడగండి. అది డాక్టరుకు చెబితే మోతాదో మందో మార్చే వీలుంటుంది.

పాత మాత్రలు ఇంట్లో మిగిలి ఉన్నా మీ అంతట మీరు మళ్లీ మొదలుపెట్టవద్దు. మధ్యలో ఆగినప్పుడు పాత మోతాదే వేయాలో, తక్కువతో మొదలుపెట్టాలో డాక్టరే చెప్పాలి. ఈ వారమే తీసుకెళ్లండి. రానంటే ముందు మీరు 14416కు ఫోను చేయండి. అది టెలి మానస్, 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది, ఉచితం, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. చచ్చిపొమ్మని గొంతులు చెబుతున్నాయన్నా, తిండి నీళ్లు పూర్తిగా మానేసినా, ఎవరినైనా కొట్టబోయినా మూడో అమావాస్య కోసం ఆగవద్దు, 108ని పిలవండి.

నాన్నగారితో మాటలు కలపండి. తప్పు మీదని కాదు, ఆ ఇంట్లోకి మీరు వెళ్లకపోతే మందు కూడా వెళ్లదు. సాయంత్రం దీపం పెట్టాక మాత్ర ఆయన చేతులతోనే ఇవ్వమనండి, అందరి ముందూ. మొక్కుకు ఇంకా మూడు అమావాస్యలు ఉన్నాయి కదా. డాక్టరు సరేనంటే వాటిని ఆపించకండి. ఈసారి మీరూ కొండకు వెళ్లండి, సంచిలో నీళ్ల సీసా పక్కన ఆ రాత్రి మాత్ర పెట్టుకుని.