డబ్బు రాగానే ర్యాప్‌లో నిరసన చచ్చిపోతుందా?

"పేదల గొంతుగా పుట్టిన హిప్-హాప్‌ను కంపెనీలొచ్చి సరుకు చేశాయి కదా?" అని ఒకరు అడిగారు (ర్యాప్ హిప్-హాప్‌లో భాగమే). కాలేజీలో నేనూ ఇలాగే గొంతు చించుకుని వాదించేవాణ్ణి. చరిత్ర చదివాక ఆ ఊపు తగ్గింది.

1973 ఆగస్టు 11న న్యూయార్క్ బ్రాంక్స్‌లో డీజే కూల్ హెర్క్ పాటలు వేసిన పార్టీతో హిప్-హాప్ పుట్టిందంటారు. దాన్ని పెట్టింది ఆయన చెల్లెలు సిండీ, స్కూళ్లు తెరిచేలోపు కొత్త బట్టలు కొనుక్కుందామని. టికెట్టు అమ్మాయిలకు 25 సెంట్లు, అబ్బాయిలకు 50. వసూళ్లు మొదటి రాత్రి నుంచే ఉన్నాయన్నమాట.

ఇంకో తమాషా వినండి. పేదవాడలోని గాజు పెంకులు, ఎలుకలు, బొద్దింకలను పాటలోకి తెచ్చిన 'ది మెసేజ్' 1982లో వచ్చింది. గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ బృందానికి మొదట అది నచ్చలేదు. డాన్స్ చేయడానికొచ్చినవాళ్లు ఇంట్లో కష్టాలు ఎందుకు వింటారని వాళ్ల అనుమానం. పట్టుబట్టి చేయించింది రికార్డు కంపెనీ పెట్టిన సిల్వియా రాబిన్సన్! బృందంలోంచి అందులో ర్యాప్ చేసింది మెలీ మెల్ ఒక్కడే.

కాబట్టి డబ్బు ఉందా లేదా అన్నది కాదు, కత్తెర ఎవరి చేతిలో ఉందన్నదే నాకు ముఖ్యం. 1992లో ఐస్-టీ అనే ర్యాపర్ బృందం పోలీసుల మీద చేసిన పాటకు (అది ర్యాప్ కాదు, మెటల్ అనే హోరు రాక్ సంగీతం) పోలీసు సంఘాలు దాన్ని విడుదల చేసిన వార్నర్ కంపెనీని బహిష్కరించమన్నాయి. చివరికి ఆల్బమ్‌లోంచి ఆ పాటే పోయింది. ర్యాపర్ కెండ్రిక్ లమార్ పాట 'ఆల్‌రైట్' వచ్చిందీ పెద్ద కంపెనీ నుంచే, అయినా 2015లో నిరసనకారులు దాన్ని నినాదంలా పాడారు.

మా అనుభవం చిన్నది. ముగ్గురం కలిసి ఒక ట్రాక్ చేశాం. ప్రోగ్రామ్‌కి స్పాన్సర్ చేస్తామన్న కంపెనీ మనిషి విని, "సూపర్ బ్రదర్, ఆ కాంట్రాక్టు కూలీల వెర్స్ ఒక్కటి తీసేయండి" అన్నాడు. సాయంత్రం దాకా కొట్టుకున్నాం, తీసేశాం. బీట్ మార్చే టైమ్ లేదు. స్టేజి మీద ఆ వెర్స్‌లోని 16 లైన్ల చోట ఉత్త బీట్ మోగుతుంటే ఏం చేయాలో తోచక "చేతులు పైకెత్తండి!" అని అరిచాను. వీడియోలో జనం కేకలు ఎక్కువ వినిపించేది అక్కడే.